చర్చి స్థలం ఎవరిది? మెదక్ పల్లెల పేచీ 1947 నాటిది

చర్చి స్థలాల అమ్మకాల గొడవ మళ్లీ లేచింది, అందరూ మెదక్ కెథడ్రల్ ఫొటోలు పెడుతున్నారు. దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర, కరువు, పనికి తిండి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ, అవన్నీ తెలిసిన కథలే. పేచీ ఆ పెద్ద గుడి గురించి కాదు, వాడల్లో ఉన్న చిన్న పెంకుటి చర్చిల గురించి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ), అంటే కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి ఏర్పడ్డ ఒకే సంఘం, మొదలైంది. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, అంటే పాస్నెట్ దొర వచ్చిన బ్రిటిష్ మిషన్ వాళ్లు, అందులో కలిసిపోయారు. (అమెరికన్ మెథడిస్టులు కలవలేదు, అందుకే జహీరాబాద్, వికారాబాద్ వైపు ఇప్పటికీ మెథడిస్ట్ బోర్డులే కనిపిస్తాయి.) పల్లెలో జనానికి తేడా తెలిసిందా అంటే అనుమానమే. కానీ కాగితం మారింది. ఆ ఏడాదే కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీదికి మిషన్ ఆస్తులు వెళ్లాయి. అంతకుముందు మాత్రం ఊరి పేరు మీద ఉన్నాయా అంటే లేవు, మిషన్ పేరు మీదే. అయితే అప్పుడు అడగడానికి మెదక్‌లో దొర ఉండేవాడు, ఇప్పుడు ట్రస్టు ఆఫీసు చెన్నైలో.

ఆస్తి పైవాళ్ల చేతిలో ఉంటేనే ఊళ్లో ఎవడూ కాజేయడని ట్రస్టు వైపు వాదన. అదీ నిజమే, కాదనలేం.

ఊరివాళ్ల లెక్క వేరు. ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఆడవాళ్లు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవాళ్లు, అది చర్చికి. వారమంతా అదే గదిలో బడి, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశే అక్కడ పంతులు, ఊరి బడిలో పక్కన కూర్చోనివ్వని పిల్లలు పలక పట్టింది అక్కడే. కోతల పండుగకు కోడి, గుమ్మడికాయ తెచ్చి వేలం వేస్తారు, పాడుకున్నవాడు మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు, ఒకే గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోతుంది, ఆ చిల్లరంతా కానుకల పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఇలా కట్టుకున్న గోడల పక్కన ఖాళీ జాగాకు ఇప్పుడు రోడ్డు వచ్చి రేటు పెరిగింది. దస్తావేజు తమ దగ్గర లేదని ఊరివాళ్లకూ తెలుసు. అమ్మే ముందు పాస్టరేట్ కమిటీని (స్థానిక సంఘం కమిటీని) కూర్చోబెట్టి అడిగారా, డబ్బు ఏ ఖాతాలో పడింది అన్నదే వాళ్ల ప్రశ్న, దానికి జవాబు రావడం లేదు.