కాశీ ప్రయాణానికి ఫేజుల మందు

ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు అడిగారు: "అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్తున్నాను. బయట తింటే విరేచనాలు పట్టుకుంటాయని టెన్షన్. బాక్టీరియాని చంపే వైరస్‌లు ఉన్నాయటగా, ముందే తాగించేస్తే సరిపోదా?"

ఆ వైరస్‌లే బాక్టీరియోఫేజులు. గంగ, యమున నీళ్లు కలరా క్రిమిని చంపుతున్నాయని, మరిగిస్తే ఆ గుణం పోతోందని 1896లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త హాంకిన్ రాశాడు. అది ఫేజుల పనే కావచ్చని తర్వాతివాళ్లు అన్నారు. అలాగని చెంబులో తెచ్చిన గంగ మందైపోదు. ఫేజులు ఎక్కువగా ఉన్నచోట వాటి తిండి కూడా ఉంటుంది, అంటే క్రిములు! శ్రీకాకుళం మురుగు కాలవలో వెతికినా ఫేజులు దొరుకుతాయి.

ప్రయాణికుల విరేచనాలకు ఎక్కువగా కారణం విషం తయారుచేసే ఒక రకం ఈ.కోలై బాక్టీరియా. ఈ.కోలై మీద పనిచేసే ఫేజుల్లో నాకు ఇష్టమైంది టీ4. ఇంటర్ బోటనీలో దీని బొమ్మ వేయించి భాగాలు గుర్తించమంటారు. దాని తోక చేసే పని చూడండి. తోక చివరి పోగులు ఈ.కోలై పైపొర మీద తమకు తగిన అణువు కోసం తడుముతాయి. దొరికిందా, తోక తొడుగు కుంచించుకుపోయి లోపలి గొట్టం పొరలోంచి దిగుతుంది, సుమారు 1,69,000 అక్షరాల డీఎన్ఏ లోపలికి జారుతుంది. అరగంటలో నూరు పిల్ల ఫేజులు. హోలిన్ అనే ఫేజు ప్రొటీన్ పొరకు చిల్లులు పెడుతుంది, లైసోజైమ్ అనే ఎంజైమ్ గోడను కోస్తుంది, క్రిమి పగులుతుంది. ఆ నూరూ తలా నూరైతే పదివేలు, మరో విడతకి పది లక్షలు. అయితే పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ముట్టనట్టు, ఒక ఫేజు తనకు సరిపడే రకం క్రిమినే పట్టుకుంటుంది.

అసలు చిక్కు "ముందే" అన్న మాటలో ఉంది. క్రిమి లేనిదే ఫేజు పెరగదు. జీర్ణాశయంలో ఆమ్లం చాలావాటిని చంపేస్తుంది, మిగిలినవి పేగులోంచి కొట్టుకుపోతాయి. కాబట్టి ప్రయాణం పొడవునా వేసుకుంటూనే ఉండాలి. జార్జియా దేశంలోని టిబిలిసిలో 1963లో వీధికి ఒక పక్క పిల్లలకు, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిమిని చంపే ఫేజులు ఇచ్చి, రెండో పక్కవాళ్లకు ఇవ్వకుండా చూశారు. మొత్తం 30,769 మంది. ఫేజులు తీసుకున్న పక్క రక్త విరేచనాలు 3.8 రెట్లు తక్కువ. ఆశ పుట్టించే లెక్కే! బంగ్లాదేశ్‌లో మాత్రం, అప్పటికే విరేచనాలవుతున్న పిల్లలకు ఈ.కోలై ఫేజులు ఇస్తే లాభం కనబడలేదని 2016లో తేలింది. వాళ్ల పేగుల్లో ఫేజు పెరగడానికి సరిపడా ఈ.కోలై లేకపోవడం ఒక కారణం కావచ్చు.

పైగా ఏ ఫేజు పడితే అది పనికిరాదు. కలరా క్రిమికి విషపు జన్యువును మోసుకొచ్చింది ఒక ఫేజే అని 1996లో బయటపడింది. అందుకే ఇలా క్రిమి డీఎన్ఏలో దాక్కునే రకాన్ని మందులోకి రానివ్వరు.

ప్రస్తుతానికి మీ అమ్మానాన్నలకు మరిగించిన నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు సర్దండి. రక్తం పడితే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.