పర్లాకిమిడిలో తెలుగు చదువు: గీత గీసిన నాటి నుంచి

పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే కాసేపటికే పాతపట్నం. ఇది ఒడిశా, అది ఆంధ్ర. మారేది బోర్డుల మీద అక్షరాలే, బజారులో మాట అదే తెలుగు. ఇటువైపు తెలుగిళ్ల పిల్లలు ఇంట్లో ఒక భాష మాట్లాడి బడిలో ఇంకోటి చదవడం ఆ గీతతో మొదలైంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడింది. అంతకుముందు గంజాం, కోరాపుట్ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. పర్లాకిమిడి జమీని కోసి పట్నాన్ని ఒడిశాకిచ్చారు, టెక్కలి, పాతపట్నం మద్రాసులో ఉండిపోయాయి. జమీందారు కృష్ణచంద్ర గజపతి ఒడిశా కోసం గట్టిగా నిలబడినవారు, 1937లో ఆ ప్రావిన్సుకు మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) కూడా అయ్యారు.

అదే ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ఈ విలీనాన్ని ఒప్పుకోలేక రాజమండ్రికి వెళ్లిపోయారు. మనకు ఆయన వాడుక భాష పంతులుగానే గుర్తు. కానీ అంతకుముందే కొండల మీది సవరల భాష నేర్చుకుని, తెలుగు లిపిలో వాళ్లకు వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టించారు. పిల్లాడికి తెలిసిన మాటతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టు. ఆ మాట పుట్టిన ఊళ్లోనే ఇప్పుడు తెలుగు పిల్లలకు అది అందడం కష్టమైంది.

చట్టాలకు లోటేం లేదు. తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే మాతృభాషలో ప్రాథమిక విద్య చెప్పాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు అనుకున్నారు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందాలనే 350ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. అయితే అందులో ఉన్నది 'తగిన సౌకర్యాలు' అన్న మెత్తటి మాట. తెలుగు మాస్టారు రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతే పిల్లలు వేరే బడికి పోతారు. పిల్లలు పోతే ఆ 10 మంది లెక్క తప్పుతుంది. లెక్క తప్పాక పోస్టు అడిగే దారే ఉండదు.

తల్లిదండ్రుల టెన్షన్ వేరు, దాన్ని నేను తప్పు పట్టలేను. ఒడిశాలో సర్కారు ఉద్యోగానికి ఒడియా రావాలి. పోనీ ఆంధ్రలో కాలేజీ సీటుకు వెళ్దామంటే అక్కడ 85 శాతం లోకల్ వాళ్లకే, లోకల్ కావాలంటే మామూలుగా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి. ఒడిశాలో ఉంటూ తెలుగు మీడియంలో చదివినవాడు అటూ కాడు, ఇటూ కాడు. అందుకే చాలామంది ఒడియా బడికో ఇంగ్లీషు మీడియానికో పంపేస్తారు.

2000 తర్వాత ఒడిశా గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. వాటిలో సవర కూడా ఉంది. గిడుగు పంతులుగారు చూసుంటే సంతోషించేవారే. తెలుగు ఆ లెక్కలోకి రాదు, దానికి సొంత రాష్ట్రాలున్నాయి కదా.

ఈ ఇళ్లకు పాతపట్నం చుట్టాల శుభలేఖ వస్తే చాలాచోట్ల పిల్లలు దాన్ని తీసుకెళ్లి నాయనమ్మ చేత చదివించుకుంటారు.