లైబ్రరీ అసిస్టెంట్ శిక్షణ: అపోహలు - వాస్తవాలు

అపోహ: పుస్తకాలు తీసివ్వడానికి కోర్సు ఎందుకు?

సిక్కోలులో అడిగినా, విజయనగరంలో అడిగినా మొదట వినపడే మాట ఇదే. తీసివ్వాలంటే ముందు అది ఉండాల్సిన చోట ఉండాలి కదా! పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చి వరసగా పెట్టే డ్యూయీ దశాంశ పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ 330.95484. గ్రూప్స్‌కి చదివే పిల్లలు రోజూ అడిగే వరస ఇది. కొత్తవాళ్లు చుక్క తర్వాతి అంకెల్ని ఒకే సంఖ్యగా చదివేస్తారు. 95484 పెద్దదని దాన్ని 330.96 తర్వాత పెడతారు. 12 కంటే 9 చిన్నదని 330.9ని 330.12కి ముందు పెడతారు. రెండూ తప్పే. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చుకుంటూ పోవాలి. తప్పుచోట చేరిన పుస్తకం కంప్యూటర్లో ‘అందుబాటులో ఉంది’ అనే చూపిస్తుంది. పాఠకుడు మాత్రం ఉత్త చేతులతో వెళ్తాడు. పుస్తకాలన్నీ లెక్క చూసే స్టాక్ వెరిఫికేషన్ దాకా దాని జాడ ఎవరికీ తెలియదు.

అపోహ: డిగ్రీ, బి.లిబ్ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) లేకపోతే ఈ దారే లేదు.

ఇంటర్‌తో చేరే సర్టిఫికెట్ కోర్సులున్నాయి. ఇగ్నోలో ఆరు నెలల కోర్సు ఉంది. విజయవాడలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం కూడా సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. బి.లిబ్ అయితే మామూలు డిగ్రీ అయ్యాక చేసే ఏడాది కోర్సు. యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టు అసలు వేరే మెట్టు, దానికి ఎం.లిబ్, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) దాకా వెళ్లాలి. పేరులో ‘అసిస్టెంట్’ ఉందని దీన్నీ లైబ్రరీ అసిస్టెంట్ పోస్టునీ ఒకటే అనుకుని దరఖాస్తు పెట్టి ఫీజు పోగొట్టుకోవద్దు.

అపోహ: సాఫ్ట్‌వేర్ వచ్చాక కేటలాగు నేర్చుకోనక్కర్లేదు, టైపింగ్ వస్తే చాలు.

శిక్షణలో అందరూ తేలిగ్గా తీసుకునేదీ, ఉద్యోగంలో అందరూ ఇరుక్కునేదీ ఇక్కడే. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా అయినా ఈ-గ్రంథాలయ అయినా మనం ఎక్కించిందే చూపిస్తుంది. డీటీపీ అలవాటున్నవాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టి అతికిస్తే తెరమీద పిచ్చి అక్షరాలు వస్తాయి, వెతికినా దొరకవు. యూనికోడ్‌లోనే కొట్టాలి. తర్వాత పేర్ల గొడవ. ఒకరు ‘కాళీపట్నం రామారావు’ అని, ఇంకొకరు ‘రామారావు, కాళీపట్నం’ అని, మూడోవారు ‘కారా’ అని ఎక్కిస్తే ఒకే రచయిత ముగ్గురవుతాడు. ఒక రూపాన్ని ఖాయం చేసుకుని, మిగతావాటిని అథారిటీ రికార్డులో (ఒక రచయిత పేరు రూపాలన్నీ ఒకచోట ఉంచే రికార్డు) ‘చూడు’ పేర్లుగా ఇవ్వాలి. పుస్తకం వివరాల్ని నంబర్లున్న గడుల్లో నింపే మార్క్ (MARC) పద్ధతిలో రచయితకు 100, శీర్షికకు 245, వర్గ సంఖ్యకు 082 అని చాలామందికి నోటికొచ్చు. 505 గడిని మాత్రం ఖాళీగా వదిలేస్తారు. కథల సంపుటిలోని కథల పేర్లు రాయాల్సింది అందులోనే. పాఠకుడు సంపుటి పేరు చెప్పడు, కథ పేరే చెబుతాడు. కథల కోసమే 1997లో కథానిలయం వెలసిన సిక్కోలులో పనిచేయాలనుకునేవాళ్లు దీన్ని వదిలేయడం ఏం బాగుంటుంది?

అపోహ: యాక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల్ని నంబర్లతో ఎక్కించే పుస్తకం) గుమాస్తా పని, ఎవరైనా రాసేస్తారు.

ఒక్కో కాపీకీ వేరే నంబరు. మూడు సంపుటాల సెట్టయితే మూడు నంబర్లు. పుస్తకం పోయినా, చిరిగి తీసేసినా ఆ నంబరు మరోదానికి ఇవ్వకూడదు. రిమార్కుల గడిలో కారణం, ఉత్తర్వు తేదీ రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూస్తే ఆడిట్లో సమాధానం చెప్పుకోవాల్సిందే. వర్గ సంఖ్య లేబుల్‌ని పుస్తకం వెన్ను మీద కింది నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తున అంటించాలి. పలచని కవితా సంపుటాలకు వెన్ను మీద చోటుండదు, అట్ట ముందువైపు కింది మూలన అంటించాలి.

అపోహ: తడిసిన పుస్తకాల్ని ఎండలో ఆరబెడితే సరి.

2018 తిత్లీ లాంటి తుపానులు చూసిన సిక్కోలు జిల్లాలో ఇది తెలియకపోతే కుదరదు. ఎండకు అట్టలు వంకర తిరుగుతాయి, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు కొద్దిగా విచ్చుకునేలా నిలబెట్టాలి. పది పదిహేను కాగితాలకొకటి చొప్పున బ్లాటింగ్ పేపరు పెట్టి, చెమ్మ పీల్చగానే మార్చాలి. పాత దినపత్రికలు పెట్టొద్దు, సిరా అంటుకుంటుంది. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అందుకే ముందుగా నునుపు కాగితం పుస్తకాల పని చూడాలి. వాటి పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఆరిపోతే ఇక విడదీయలేం.