పార్కిన్సన్స్‌కు మొక్కల మందులు: అపోహలు, వాస్తవాలు

న్యూరాలజిస్టుగా నా ఓపీలో మందుల చీటీతో పాటు ఒక పొడి డబ్బా కూడా బల్ల మీదకు రావడం మామూలే. కొందరు దాన్ని సంచిలోనే దాచి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అడుగుతారు. దయచేసి మొదటే బయట పెట్టండి. నేను కోప్పడను.

అపోహ: మొక్కల మందులు ఉత్త నమ్మకాలు, వాటిలో సైన్సు లేదు.

పార్కిన్సన్స్‌లో, కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోతుంది. ఈ జబ్బుకు ఇప్పటికీ మా ప్రధాన ఆయుధమైన లెవోడోపా అనే మందు గింజల్లో దొరికిందే. 1913లో మార్కస్ గుగెన్‌హైమ్ దాన్ని ఒక రకం చిక్కుడు నుంచి వేరుచేశారు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుంచి తీశారు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం రెసర్పిన్ అనే పదార్థం ఇచ్చిన జంతువులు కదలిక లేకుండా పడిపోయాయి, లెవోడోపా ఇవ్వగానే మళ్లీ కదిలాయి. ఆ రెసర్పిన్ సర్పగంధి వేరులోనిది! ఒక మొక్కలోని పదార్థం మెదడులో డోపమిన్‌ను ఖాళీ చేస్తే, మరో మొక్కలోని పదార్థం దాన్ని నింపింది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు.

సర్పగంధి ఇప్పటికే జవాబు చెప్పింది. మరొకటి, కొన్ని మొక్కల వేళ్లలో ఉండే రోటినోన్. పురుగుమందుగా వాడిన ఈ పదార్థాన్ని ఎలుకలకు ఎక్కిస్తే పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చాయని 2000లో తేలింది. పార్కిన్సన్స్ పరిశోధనల్లో నేటికీ దాన్ని వాడుతున్నారు.

అపోహ: దూలగొండి పొడి ఉంటే లెవోడోపా మాత్ర అక్కర్లేదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పొడి నిజంగానే పనిచేస్తుంది. 2004లో ఎనిమిది మంది రోగులపై చేసిన అధ్యయనంలో 30 గ్రాముల పొడి మాత్ర కంటే త్వరగా పనిచేసింది, ప్రభావం ఎక్కువసేపు నిలిచింది. కానీ అది ఒక్కో మోతాదుకు సంబంధించిన ఫలితం. రోజూ వాడించిన 16 వారాల అధ్యయనంలో 14 మందిలో ఏడుగురు పొడిని మధ్యలోనే మానేశారు. నలుగురికి కడుపు ఇబ్బందులు, ముగ్గురికి కదలికలు దిగజారడం కారణం.

మాత్రలో లెవోడోపాకు తోడుగా కార్బిడోపా ఉంటుంది. మందు మెదడుకు చేరకముందే ఒంట్లో డోపమిన్‌గా మారిపోకుండా అది కాపలా కాస్తుంది. పొడిలో ఆ కాపలా లేదు. అందుకే పొడి ఒక్కటే తింటే చాలా భాగం వృథా అవుతుంది, వికారం వస్తుంది. అదే పొడిని మాత్రతో కలిపి తింటే? మాత్రలోని కార్బిడోపా పొడిలోని లెవోడోపాను కూడా కాపాడుతుంది. అదే చెంచా హఠాత్తుగా బలమైన మోతాదు అవుతుంది.

ఒక పెద్దాయనను ఆయన కూతురు తీసుకొచ్చింది. “నాన్నకు వణుకు ఎక్కువైంది, అందుకే రెండో చెంచా మొదలుపెట్టాం” అంది. చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాను. అది వణుకు కాదు. మెడ, భుజం, నడుము మెలికలు తిరుగుతున్నాయి, డోపమిన్ ఎక్కువైనప్పుడు వచ్చే కదలికలు అవి. ఇంట్లో ఎలా తీస్తారో చూపించమంటే, చెంచా అంచుకు సమంగా కాదు, గోపురంలా తీసింది. గింజల్లో లెవోడోపా సుమారు 4 నుంచి 6 శాతం. అంటే అయిదు గ్రాముల చెంచాలో దాదాపు 250 మిల్లీగ్రాములు. గోపురం లెక్క వేరే. పైగా మార్కెట్లో దొరికే పొడుల్లో మోతాదు ఒకేలా ఉండదు. తగ్గించాల్సిన చోట ఆ అమ్మాయి పెంచింది, తండ్రి మీద ప్రేమతోనే.

అపోహ: పసుపు, కాఫీ మెదడు కణాలను కాపాడతాయి.

పసుపులోని కర్‌క్యుమిన్ గాజు పళ్లెంలోని కణాలను కాపాడింది నిజమే, కానీ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కాఫీ తాగేవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. అయితే జబ్బు వచ్చాక కెఫీన్ ఇచ్చి చూసిన 2017 నాటి అధ్యయనంలో కదలికలు మెరుగుపడలేదు. ఇష్టమైతే తాగండి, మందు అనుకోవద్దు.

పొడిని నమ్ముకుని మాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపకండి. ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదకు రావచ్చు. పొడి వాడాలని ఉంటే దాన్నీ లెవోడోపాగానే లెక్కవేసి, మాత్రల మోతాదును మేమే సర్దాలి. ఈసారి వచ్చేటప్పుడు డబ్బాతో పాటు మీరు కొలిచే చెంచా కూడా తీసుకురండి.