వానలు వెళ్లాక వచ్చే వరద

డల్లాస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు ఈమధ్య ఉత్తరం రాశారు. జూన్‌లో పిల్లలకు సెలవులట. బ్రెజిల్ వెళ్లి పాంటనాల్ చిత్తడి నేలల్లో పరాగ్వే నది మీద పడవ ప్రయాణం చేయాలని వాళ్ల ఆలోచన. జాగ్వార్లు, మొసళ్లు, ఆరడుగుల నీటికుక్కలు, నీలి మకావ్ చిలుకలు చూడాలి. కానీ ఆమెకు ఒక విషయం కొరుకుడు పడలేదు. "అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి వరకే అంటున్నారు. కొరుంబా ఊళ్లో పడవ నడిపేవాళ్లేమో జూన్‌లో రండి, నది నిండుగా ఉంటుంది అంటున్నారు. వానలు వెళ్లిపోయిన రెండు మూడు నెలలకు వరద ఎక్కడి నుంచి వస్తుందండీ? పైన డ్యామ్ గేట్లు ఎత్తుతారా?"

గేట్ల పని కాదు. సంగతంతా వాటంలో ఉంది. ఈ ప్రశ్న అడిగినందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పాంటనాల్ గురించి తెలుసుకోవలసిన వాటిలో ముక్కాలు భాగం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. చిత్తడి నేలంటే ఏమిటి, ఎన్ని రకాలు అనేవి పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

ఇల్లు కట్టించినవాళ్లకు వాటం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. మా డాబా పని అయ్యాక మేస్త్రి రెండు బక్కెట్ల నీళ్లు ఒక మూల కుమ్మరించి, అవి తూము దాకా ఎలా వెళ్తాయో చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "పదడుగులకు అంగుళం అన్నా ఉండాలి సార్, లేకపోతే నీళ్లకు దారి తెలీదు" అన్నాడు. అంటే నూట ఇరవైకి ఒకటి. అంత వాటం ఇచ్చినా ఎక్కడో ఒకచోట నీళ్లు నిలుస్తాయి, నాచు పడుతుంది, పిచ్చుకలు వచ్చి తాగుతాయి.

ఇప్పుడు పాంటనాల్ వాటం చూడండి. ఉత్తరం నుంచి దక్షిణానికి నేల కిలోమీటరుకు 1 నుంచి 3 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. 2 సెంటీమీటర్లు అనుకుంటే యాభై వేలకు ఒకటి. ఆ లెక్కన ముప్పై అడుగుల డాబా కడితే ఈ చివరకూ ఆ చివరకూ తేడా 0.18 మిల్లీమీటర్లు. రెండు కాగితాల మందం! ఏ రసమట్టానికీ అందని తేడా అది. ఈ డాబా వైశాల్యం బ్రెజిల్ భాగంలోనే సుమారు 1.5 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌కు కాస్త తక్కువ. బొలీవియా, పరాగ్వే దేశాల్లోకి వెళ్లిన భాగం దీనికి అదనం. ఇక్కడి నేల సముద్ర మట్టానికి 80 నుంచి 150 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సముద్రమేమో కొరుంబా నుంచి నది వెంట 2,500 కిలోమీటర్లకు పైనే. పైగా దక్షిణాన నీళ్లు బయటికి పోయే చోట ఫెషో దోస్ మోరోస్ అనే గుట్టలు నదిని నొక్కి పట్టుకుంటాయి. డాబా పెద్దది, వాటం లేదు, తూము ఇరుకు.

అక్కడి పశుపాలకుల భాషలోనే ఈ చదును కనిపిస్తుంది. మైదానం కంటే ఒకటి నుంచి మూడు మీటర్లు ఎత్తుగా ఉండే పాత ఇసుక మేటలను వాళ్లు 'కోర్దిల్యేరా' అంటారు. ఆ మాటకు పర్వత శ్రేణి అని అర్థం. వరద వచ్చినప్పుడు ఆవులు ఎక్కి నిలబడేది, పెద్ద చెట్లు మునగకుండా బతికేది ఆ పర్వతాల మీదే. మనిషెత్తు మిట్టను పర్వతం అన్నారంటే చుట్టూ నేల ఎంత చదునో ఊహించుకోండి.

ఇక లెక్కలోకి వద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. నీటి వేగం వేరు, వరద వేగం వేరు. నదిపాయలో నీళ్లు సెకనుకు అర మీటరు చొప్పున నడిచినా రోజుకు 43 కిలోమీటర్లు పోతాయి. ఉత్తరాన కాసెరెస్ అనే ఊరి నుంచి కొరుంబాకు నది వెంట 700 కిలోమీటర్ల లోపే. అంటే పదహారు రోజుల ప్రయాణం. కానీ కాసెరెస్ దగ్గర మార్చి ప్రాంతంలో పతాక స్థాయికి వచ్చిన వరద కొరుంబా పక్కనున్న లదారియోలో మే, జూన్ నెలల్లో పతాకానికి వస్తుంది. రెండు మూడు నెలలు! రోజుకు పది కిలోమీటర్ల లెక్క. పొద్దున్నే బయలుదేరిన మనిషి ఎండ ముదరకముందే ఆ దూరం నడిచేస్తాడు.

ఎందుకింత ఆలస్యం? నది గట్టు దాటగానే నీళ్లు ముందుకు పోవడం మాని పక్కలకు పరుచుకుంటాయి. లక్ష చదరపు కిలోమీటర్ల మీద ఒక్క సెంటీమీటరు నీళ్లు నిలపాలంటే ఒక ఘన కిలోమీటరు నీళ్లు కావాలి. మన లెక్కలో చెప్పాలంటే 35 టీఎంసీలు. నాగార్జునసాగర్ పూర్తి సామర్థ్యం 312 టీఎంసీలు. అంటే ఆ మైదానం మీద బెత్తెడు లోతు నీళ్లు నిలిచాయంటే ఒక సాగర్ నిండినట్టే. ముందు ప్రతి గుంట, ప్రతి పాయ, ప్రతి గడ్డి మైదానం తన వాటా తీసుకుంటుంది. అవి నిండాక గానీ కిందివాళ్ల వంతు రాదు. పైనుంచి ఒక్కసారిగా వచ్చిన నీళ్లు ఇలా ఆగి ఆగి, ఎత్తు తగ్గి, నిడివి పెరిగి కింద చేరతాయి. ఎండ కూడా తన వాటా తీసుకుంటుంది. రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైనా ఆ విస్తీర్ణంలో అది 14 టీఎంసీలు.

అందుకే కొరుంబాలో ఆకాశం నిర్మలంగా ఉన్న జూన్ నెలలో నది నిండుగా ఉంటుంది. ఆ నీళ్లు ఉత్తరాన ఎప్పుడో కురిసి ఆగిపోయిన వానలవి.

1990లలో ఈ డాబాకు వాటం పెంచాలని ఒక ఆలోచన జరిగింది. సరుకు పడవలు కాసెరెస్ దాకా రావడానికి నదిని లోతు చేయడం, వంపులు సరిచేయడం, అడ్డుపడే రాతి తిన్నెలు తీసేయడం. తూము దగ్గర ఒక ఇటుక తీస్తే ఏమవుతుందో మేస్త్రికి తెలుసు. యాభై వేలకు ఒకటి వాటం ఉన్నచోట నది మట్టం పావు మీటరు దిగినా ఆ ప్రభావం ఎగువకు ఎన్నో కిలోమీటర్లు పాకుతుంది, మైదానం మీదికి ఎక్కే నీళ్లు తగ్గిపోతాయి. శాస్త్రవేత్తలు గట్టిగా ఎదురు నిలిచారు. అప్పటికి ఆ పథకం ఆగింది గానీ పూడిక తీసే ప్రతిపాదనలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. నా మట్టుకు నాకు ఆ రాతి తిన్నెలే పాంటనాల్‌కు ప్రాణం.

బడిలో వరద అనగానే ప్రకృతి వైపరీత్యాల పాఠంలో పెట్టి చెప్తాం. తుఫాను, భూకంపం, వరద అని వరసగా. మనుషుల ఇళ్ల వైపు నుంచి అది నిజమే. చేప వైపు నుంచి కూడా ఒక పాఠం ఉండాలని నా కోరిక. గోదావరికి ఎర్రనీరు తగిలాక పులస ఎదురెక్కడం చూసిన పిల్లలకు అది ఇట్టే అర్థమవుతుంది. 1989లో యుంక్, బేలీ, స్పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్నే 'వరద నాడి' అనే అర్థంలో ఒక సిద్ధాంతంగా రాశారు. పెద్ద నదుల్లో జీవం నదిపాయలో కంటే ముందుకూ వెనక్కూ కదిలే నీటి అంచు దగ్గరే పుడుతుందని దాని సారం. ఆ అంచు ఇవాళ ఒక గడ్డి మైదానంలో ఉంటుంది, నెల తర్వాత ఎన్నో కిలోమీటర్ల అవతల. మునిగిన గడ్డి కుళ్లి ఎరువవుతుంది, పాచి పెరుగుతుంది, పురుగులు, నత్తలు, వాటి కోసం చేపలు. వాటం లేకపోవడం వల్ల ఆ అంచు చాలా దూరం, చాలా నెమ్మదిగా, నెలల తరబడి నడుస్తుంది.

దీనికొక చేదు ముఖం కూడా ఉంది. ఎండిన గడ్డి ఒక్కసారిగా మునిగినప్పుడు కుళ్లు ఎక్కువై నీటిలో ఆక్సిజన్ దాదాపు సున్నాకు పడిపోతుంది. అక్కడ దీన్ని 'దెకువాదా' అంటారు. ఆ రోజుల్లో చేపలు గుట్టలుగా చచ్చిపోతాయి. భీమవరం వైపు చెరువుల రైతులు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే పరుగున వెళ్లి ఏరేటర్లు వేస్తారు కదా, అదే బాధ ఇక్కడ ప్రకృతి సిద్ధంగా వస్తుంది. పాకు అనే చేప దీనికొక ఉపాయం కనిపెట్టింది. ఆక్సిజన్ తగ్గిన కొన్ని గంటల్లో దాని కింది పెదవి ఉబ్బి గరిటెలా ముందుకు వస్తుంది. గాలి తగిలే ఉపరితలంలోని పలుచటి నీటి పొరలో మాత్రమే కాస్త ఆక్సిజన్ ఉంటుంది. ఆ పొరను ఈ పెదవితో తోడుకుని మొప్పల మీదికి పంపుతుంది. ఆక్సిజన్ మళ్లీ పెరిగాక పెదవి మామూలైపోతుంది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పడవ పక్క నుంచి కొట్టుకుపోయే పచ్చని తెప్పలను చూస్తే తెలుగువాళ్లు గుర్తుపడతారు. గుర్రపుడెక్క! మన చెరువులను మింగేసిన ఆ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. పుట్టింట్లో ఏటా వరద దాన్ని తెప్పలుగా తెంపి కిందికి తోస్తుంది, ఆపై ఎండ కొంత చంపుతుంది, కాపిబారాలు అనే పెద్ద ఎలుకజాతి జంతువులు మేస్తాయి, దాన్నే తిని బతికే ముక్కు పురుగులు తొలుస్తాయి. మన దగ్గర మురుగు నిండి ఏడాదంతా కదలని నీళ్లలో దానికి అడ్డు లేకపోయింది. కొల్లేరును తలచుకుంటే నాకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. సముద్ర మట్టానికి మూడడుగుల కాంటూరు దగ్గర సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు, పదడుగుల దగ్గర 901. చదును నేలలో అడుగు నీళ్ల విలువ అంత. అక్కడ కూడా నీళ్లు తెచ్చే ఏర్లు చాలా ఉన్నాయి. సముద్రానికి తీసుకుపోయే తూము ఒక్క ఉప్పుటేరే.

సరే, జాగ్వార్లు. వరద తీసేటప్పుడు మైదానాల్లో పెరిగిన చేపలన్నీ తగ్గుతున్న గుంటల్లోకి, పాయల్లోకి చేరతాయి. వాటి కోసం కొంగలు, మొసళ్లు. మొసళ్ల కోసం జాగ్వార్. మిగతా పెద్ద పిల్లులు ఎక్కువగా గొంతు పట్టుకుంటాయి, ఇది తల వెనక నుంచి కొరికి పుర్రె పగలగొడుతుంది. కాసెరెస్ నుంచి పడవలు వెళ్లే దారిలో తైయమా అనే రక్షిత దీవి ఉంది. అక్కడ జాగ్వార్ల ఆహారంలో ఎక్కువ భాగం మొసళ్లూ చేపలేనని, 100 చదరపు కిలోమీటర్లకు 12కు పైగా ఉన్నాయని 2021లో తేలింది. ఒంటరిగా తిరిగే ఆ జంతువులు అక్కడ కలిసి ఆడుకోవడం కూడా కెమెరాలకు దొరికింది. తిండికి కొదవ లేకపోతే సరిహద్దు గొడవలు తగ్గాయన్నమాట. కుయాబా నది మీద పోర్టో జోఫ్రి దగ్గర పడవలోంచి జాగ్వార్ సులువుగా కనిపించేది జులై నుంచి అక్టోబరు వరకు. అప్పుడు నీళ్లు తగ్గి అవి ఒడ్డుకు వస్తాయి. ఒకటి కనిపించిందని రేడియోలో చెప్పగానే పడవలన్నీ గుమిగూడతాయి. దూరంగా ఇంజన్ ఆపేసే గైడ్‌ను ఎంచుకోమని ఆమెకు ప్రత్యేకంగా రాశాను.

కోర్దిల్యేరాల మీద పెరిగే మందువి చెట్టు గురించి కూడా రాశాను. నీలి మకావ్ గూళ్లలో నూటికి తొంభై దాని తొర్రల్లోనే. ఆ చెట్టు గింజల్ని ఎక్కువగా వెదజల్లేది టూకాన్ పక్షి. మకావ్ గుడ్లను ఎక్కువగా తినేదీ ఆ టూకానే. దాన్ని తరిమేస్తే గుడ్లు దక్కుతాయి, చెట్లు దక్కవు.

కుయాబా నది ఒడ్డు పల్లెల్లో మిన్యొకావ్ అనే రాకాసి పాము కథ ఉంది. పడవలు ముంచుతుందని, ఒడ్లు కూలగొడుతుందని భయం. ఒడ్లు కూలడం నిజమే. వరద తీసేటప్పుడు నీళ్లలో నానిన గట్టుకు బయటి నుంచి నీటి ఆసరా పోతుంది, లోపలి తడి బరువు మాత్రం మిగిలి పెళ్లలు విరుగుతాయి. గోదావరి లంకల రైతులను అడిగినా ఇదే చెప్తారు, వరద వచ్చేటప్పటి కంటే తీసేటప్పుడే భయమని. ఆ పల్లెవాళ్లు చూసింది సరిగ్గానే చూశారు, కారణం దగ్గరే పాము దూరింది.

ఇప్పుడు అక్కడ నిజమైన టెన్షన్ వేరే ఉంది. లదారియోలో 1900 నుంచి నది మట్టం రాసి పెడుతున్నారు. 2024 అక్టోబరులో అది కొలబద్ద సున్నాకు కూడా కిందికి, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత తక్కువకు దిగింది. 2020లో పాంటనాల్‌లో పావు వంతుకు పైగా కాలిపోయింది. వరద మైదానం మీదికి ఎక్కని ఏడాది గడ్డి ఎండి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది.

ఆమె జూన్‌లోనే వెళ్తున్నారు, కొరుంబా నుంచి. జాగ్వార్ కనిపించే అవకాశం తక్కువ, నీళ్లు మాత్రం చూడవచ్చు. పడవ ఆగినప్పుడు ఒడ్డున చెట్ల మాన్ల మీద గోధుమరంగు మరక కోసం చూడమన్నాను. పాత వరద ఎక్కడిదాకా ఎక్కిందో ఆ గీత చెప్తుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు, కనుచూపు మేర, దారం పట్టి గీసినట్టు ఒకే ఎత్తులో ఉంటుంది. దాని ఫొటో ఒకటి మా మేస్త్రికి చూపించడానికి పంపమని అడిగాను.