గుండె గోడలో శివారు పొలం

భీమవరం దగ్గర్నుంచి ఒక పాఠకుడు ఫొటో పంపారు. 2021 మే నెలలో వాళ్ల నాన్నగారు కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పటి డిశ్చార్జి షీటు, మొదటి పేజీ. సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చెప్పేది), డి-డైమర్ (రక్తం గడ్డకట్టడాన్ని చెప్పేది) అంకెల కింద ఒక లైను: హై సెన్సిటివ్ ట్రోపోనిన్ టి, 61. పక్కనే 14 లోపు ఉండాలని రాసి ఉంది. "అప్పుడు మాకెవరూ చెప్పలేదండీ. అంటే నాన్నగారికి హార్ట్ ఎటాక్ వచ్చి పోయినట్టా? ఛాతీ నొప్పి అని ఆయన ఒక్కసారీ అనలేదు" అని అడిగారు.

సెకండ్ వేవ్‌లో డి-డైమర్ అంటే ఏమిటో పాలుపోసే ఆయనకి కూడా తెలిసిపోయింది. ఊపిరితిత్తుల సీటీ స్కోరు ఎంతొచ్చిందో పెళ్లిళ్లలో కట్నాలు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. పాపం ట్రోపోనిన్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో చదవాల్సిన అంకె అదే.

ట్రోపోనిన్ రక్తంలో తిరగాల్సిన సరుకు కాదు, గుండె కండరంలో బిగించిన భాగం. దాన్ని 1960లలో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి కనిపెట్టాడు. కండర కణం లోపల యాక్టిన్ అనే సన్నని పోగు, దాన్ని చుట్టుకుని ట్రోపోమయోసిన్ అనే తాడు, ఆ తాడు మీద సి, టి, ఐ అనే మూడు ముక్కల గొళ్లెం ఉంటాయి. ట్రోపోనిన్ అంటే ఆ గొళ్లెమే. కాల్షియం వచ్చి సి ముక్కకి అతుక్కోగానే గొళ్లెం వీడి తాడు పక్కకి జరుగుతుంది, మయోసిన్ యాక్టిన్‌ని పట్టుకుని లాగుతుంది. కణం ముడుచుకుంటుంది. కాల్షియం వదలగానే మళ్లీ గొళ్లెం పడుతుంది. రోజుకి సుమారు లక్షసార్లు ఇదే పని. టి, ఐ ముక్కలు గుండెలో ఒక రకం, చేతికాళ్ల కండరాల్లో వేరే రకం. అందుకే ల్యాబ్‌లో ఆ రెండిట్లో ఒకదాన్ని వెతుకుతారు. రక్తంలో గొళ్లేలు దొరికాయంటే ఎక్కడో తలుపులు విరిగాయన్నమాట. విరగ్గొట్టింది గాలివానా, దొంగా, చెదలా అన్నది గొళ్లెం చెప్పదు. మూత్రపిండాలు పాడైనవాళ్లలో ఈ అంకె ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది, అది వేరే గొడవ.

2020 మార్చిలోనే వూహాన్ నుంచి లెక్కలొచ్చాయి. ఒక ఆసుపత్రిలో చేరిన 416 మందిలో 82 మందికి ట్రోపోనిన్ పెరిగింది. ఆ 82 మందిలో సగం మందికి పైగా పోయారు. పెరగనివాళ్లలో మరణాలు నూటికి ఐదుకి లోపు. నన్ను కదిలించింది మాత్రం అదే ఊళ్లో ఇంకో ఆసుపత్రి చూసిన 187 మంది లెక్క. అంతకుముందే గుండె జబ్బు ఉండి కూడా ట్రోపోనిన్ పెరగనివాళ్లలో చనిపోయింది నూటికి 13 మంది. ఏ గుండె జబ్బూ లేకుండా ట్రోపోనిన్ పెరిగినవాళ్లలో 37 మందికి పైనే. అంటే పాత జబ్బు కన్నా, ఆ వారంలో గుండె విరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

మరి విరగ్గొట్టింది ఎవరు? ఇక్కడ నన్ను మా ఊరు వెళ్లనివ్వండి.

మాది కాలువ చివరి ఊరు. దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, మార్చి వచ్చేసరికి నీళ్లకి వంతులు పెట్టేవారు. తల దగ్గర పొలాలవాళ్లు నీళ్లు మళ్లించుకుని హాయిగా పడుకుంటే, మా నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని అర్ధరాత్రి బోదె గట్టు మీద కూర్చునేవాడు. కాలువలో నీరు ఒక అడుగు తగ్గిందంటే తలలో ఎవరికీ తెలియదు. శివారులో నేల నెర్రెలిస్తుంది.

గుండె గోడకీ శివారు ఉంది. క్లాసులో గుండె బొమ్మ వేయమంటే పిల్లలు నాలుగు గదులు గీసి ఎరుపూ నీలం రంగులు దిద్దేస్తారు. ముప్ఫై ఏళ్లలో ఒక్క పిల్లాడూ "సార్, గుండెకి రక్తం ఎవరిస్తారు?" అని అడగలేదు. లోపల నిండా రక్తమే కదా, తాగుతుందిలే అనుకుంటారు. గుండె అలా తాగలేదు. గోదారి గట్టు మీద ఇల్లు కట్టుకుని మంచినీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే బతుకు దానిది. దానికి రక్తం తెచ్చే కరొనరీ ధమనులు గుండె బయటి వైపున పాకుతాయి. వాటి నుంచి బోదెల్లాంటి కొమ్మలు గోడలోకి దిగుతాయి. ఎడమ జఠరిక, అంటే ఒంటికంతా రక్తం పంపే గది, గోడ మందం సెంటీమీటరు దాకా ఉంటుంది. బయటి పొర కాలువ తల, లోపలి పొర శివారు.

శివారు కష్టం దూరం ఒక్కటే కాదు. గుండె బిగుసుకున్న ప్రతిసారీ లోపలి పొర మీద ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ, అక్కడి బోదెలు నొక్కుకుపోతాయి, తూము మూసుకున్నట్టే. వదులైనప్పుడే నీళ్లు. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే ఒక్కో చుట్టుకి 0.85 సెకను, అందులో బిగుసుకునేది 0.3 దగ్గర. మిగతాది వంతు. జ్వరంతో, ఆయాసంతో 140 అయిందనుకోండి, చుట్టు సగానికి పడిపోతుంది. బిగుసుకునే కాలం అంతగా తగ్గదు, కోత ఎక్కువగా వంతు మీదే పడుతుంది. పోనీ వచ్చిన నీళ్లని పొదుపుగా వాడుకోవచ్చు కదా అంటే, మిగతా ఒళ్లు సగటున రక్తంలో ఆక్సిజన్‌ని నాలుగో వంతే తీసుకుంటే, గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడే మూడొంతులకి దగ్గరగా తీసేసుకుంటుంది. ఇంక పిండడానికి ఏమీ లేదు. అలాంటప్పుడు న్యుమోనియా వచ్చి రక్తంలో ఆక్సిజన్ పడిపోతే కాలువకి ఏ అడ్డూ లేకపోయినా శివారు ఎండుతుంది. పాఠకుడి నాన్నగారికి ఛాతీ నొప్పి రాకపోవడంలో వింతేమీ లేదు.

కోవిడ్‌లో ఇంకో రకం దెబ్బ కూడా ఉంది. మంట (ఇన్‌ఫ్లమేషన్) వల్ల రక్తనాళాల లోపలి పూత దెబ్బతిని సన్నని గడ్డలు కడతాయి. పెద్ద కాలువ శుభ్రంగా ఉంటుంది, బోదెల్లో గుర్రపుడెక్క. యాంజియోగ్రామ్ తీస్తే అంతా బాగుందనిపిస్తుంది, ఎందుకంటే అది పెద్ద కాలువల్నే చూపిస్తుంది. ఇటలీలో బెర్గామోలో కోవిడ్‌తో పోయిన 40 మంది గుండెల్ని కోసి చూస్తే 14 గుండెల్లో చచ్చిన కండరం కనిపించింది. అందులో ఎక్కువ చోట్ల చిన్నచిన్న మచ్చలే, వాటి పక్కన ఈ సూక్ష్మ గడ్డలే.

మూడోది మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికే మంట. ఇది వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమ పురుగు లాంటిది. సుడిదోమ కాలువ ఎటుందో చూసుకుని రాదు, పచ్చటి చేను మధ్యలో గుండ్రంగా మాడ్చేస్తుంది. మయోకార్డైటిస్ మచ్చ కూడా గోడ మధ్య పొరలోనో బయటి పొరలోనో, నీళ్లు పుష్కలంగా అందే చోటే పడుతుంది. శివారు ఎండితే నీటి తగువు, తలలో మాడితే తెగులు. మచ్చ ఎక్కడుందో చూస్తే నేరస్థుడెవరో సగం తెలిసిపోతుంది.

అది చూడ్డానికి ఎమ్మారై. గాడోలినియం మందు నరంలోకి ఎక్కించి పది, పదిహేను నిమిషాలు ఆగి ఫొటో తీస్తారు. ఆ మందు బతికున్న కణం లోపలికి పోలేదు, కణాల మధ్య సందుల్లోనే తిరుగుతుంది. మంచి కండరంలో సందులు తక్కువ, తొందరగా కడుక్కుపోతుంది. మచ్చలో సందులే ఎక్కువ, నిలిచిపోతుంది. వాన వెలిసిన పావుగంటకి పొలం గట్ల మీద నడిస్తే మురుగు పోని మడి ఏదో తెలిసినట్టే. నల్లటి గోడలో తెల్లగా మెరుస్తుంది.

లండన్‌లో ఆరు ఆసుపత్రుల నుంచి, కోవిడ్‌లో ట్రోపోనిన్ పెరిగి ఇంటికెళ్లిన 148 మందికి ఇలా తీశారు. ఇంటికెళ్లిన సుమారు రెండు నెలలకి. నూటికి 54 మందిలో ఏదో ఒక తేడా ఉంది. 26 మందికి సుడిదోమ రకం మచ్చ, 22 మందికి నీటి తగువు రకం, 6 మందికి రెండూ. 2021 ఫిబ్రవరిలో ఇది అచ్చయ్యాక "సగం మందికి గుండె పాడు" అని వాట్సాప్‌లో వాయించేశారు. అదే మెసేజీ కింద గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని చిట్కా! దగ్గుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. అదే అధ్యయనంలో నూటికి 89 మందికి గుండె పంపింగ్ మామూలుగానే ఉందన్న ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

అసలు మెలిక 2023లో తేలింది. బ్రిటన్‌లోనే 25 ఆసుపత్రుల నుంచి 342 మందిని తీసుకుని, ఈసారి పోల్చడానికి వాళ్లలాంటి బీపీ, షుగరు ఉన్న ఇతరుల్ని కూడా చూశారు. ఇలా ట్రోపోనిన్ పెరిగిన కోవిడ్ రోగుల్లో 61 శాతం గుండెల్లో తేడా ఉంది. పోలికకు తీసుకున్న ఇతరుల్లోనూ 36 శాతం మందికి ఉంది! అంటే కొన్ని మచ్చలు కరోనా కన్నా పాతవే అయ్యుండొచ్చు, ఎవరూ ఫొటో తీయలేదు అంతే. ఈమధ్యే మయోకార్డైటిస్ వచ్చి ఉండొచ్చు అనదగ్గది ఏడు శాతానికి లోపే. నీటి తగువు వాటా అందరూ అనుకున్నదానికన్నా పెద్దది.

"మరి ఆ దెబ్బ మానుతుందా?" ఇది ఆ పాఠకుడి రెండో ప్రశ్న. చచ్చిన కణం స్థానంలో కొత్తది దాదాపు రాదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ని గుండె కణాల్లో కొలిచి 2009లో లెక్కగట్టారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం కణాలు మారతాయి, డెబ్బై ఐదుకి అందులో సగం కూడా ఉండదు. మచ్చ మచ్చగానే ఉంటుంది, చుట్టూ ఉన్న కండరం పని పంచుకుంటుంది. మంట వల్ల వచ్చిన వాపు మాత్రం తగ్గుతుంది.

ఇక 61 సంగతి. ఒక్క అంకెతో ఏమీ తేల్చలేం. 61 రెండు రోజుల తర్వాత కూడా 61 అయితే పాత ఇల్లు మెల్లగా రాలుతున్నట్టు. 400కి ఎక్కి 20కి దిగితే ఆ వారంలో ఏదో విరిగినట్టు. ఈసీజీ మారిందా, ఎకోలో గోడ ఎక్కడైనా కదలకుండా ఉందా చూడాలి. ఆయనకి ఫోన్ చేశాను. నాన్నగారు పొలం వెళ్లారట, నడిచే. రెండో పేజీ ఫొటో తీసి పంపమన్నాను. బీరువాలో వెతుకుతున్నారు.