కుక్కకు గుండె జబ్బు: అపోహలు - వాస్తవాలు

పామెరేనియన్, షిట్జూ, డాక్స్‌హుండ్ లాంటి చిన్న జాతుల్లో వయసు పైబడ్డాక గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమై సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి కారుతుంది. ఈ జబ్బు చుట్టూ అల్లుకున్న అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: మర్మర్ (స్టెతస్కోపులో వినిపించే గుండె అసాధారణ శబ్దం) వినపడగానే మందులు మొదలుపెట్టాలి.
వాస్తవం: గుండె పెరగనంతవరకు మందు అక్కర్లేదు, 6-12 నెలలకోసారి పరీక్ష చాలు. ఎకోలో (గుండె స్కానింగులో) ఎడమ కర్ణిక (పై గది), జఠరిక (కింది గది) రెండూ పెరిగినట్టు తేలితే, లక్షణాలు లేకపోయినా పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడతాం. 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో ఈ మందు గుండె వైఫల్యాన్ని దాదాపు 15 నెలలు వెనక్కి నెట్టింది. డోసు సాధారణంగా కిలోకు 0.25 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, తిండికి గంట ముందు. కడుపు నిండుగా ఉంటే మందు సరిగా ఒంటబట్టదు.

అపోహ: దగ్గుతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టే.
వాస్తవం: చిన్న కుక్కల్లో శ్వాసనాళం మెత్తబడి మూసుకుపోవడం వల్ల కూడా దగ్గు వస్తుంది. అలాంటి దగ్గు ఫ్యూరోసెమైడ్‌తో (మూత్రం ద్వారా ఒంట్లో నీరు తీసే మందు) తగ్గదు, ఒంట్లో నీరు మాత్రం పోతుంది. నీరు చేరుతోందా అన్నది దగ్గు కంటే ఊపిరి నమ్మకంగా చెబుతుంది. గాఢనిద్రలో, చల్లని గదిలో, ఛాతీ లేచి పడటాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయండి. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పుడు వద్దు. రోజూ క్యాలెండర్ మీద రాయండి. నిమిషానికి 30 దాటితే కాసేపాగి మళ్లీ చూడండి, అప్పుడూ తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. చిగుళ్లు నీలంగా మారినా, పడుకోలేక కూర్చునే ఆయాసపడుతున్నా తెల్లారేదాకా ఆగవద్దు.

అపోహ: ఫ్యూరోసెమైడ్‌తో మూత్రం ఎక్కువవుతోంది కాబట్టి నీళ్ల గిన్నె తీసేయాలి.
వాస్తవం: ఎప్పుడూ తీయకూడదు. దాహం ఆ మందు పనివల్లే. నీళ్లు ఆపితే దెబ్బ మూత్రపిండాలకు. ఇంట్లో తడుపుతోందని డోసు తగ్గించేయడమూ ప్రమాదమే, నీరు మళ్లీ చేరుతుంది. ఈ మందు మొదలెట్టిన ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం చూపించండి.

అపోహ: పెరుగన్నమే మంచిది.
వాస్తవం: ఈ జబ్బులో కండ కరిగిపోతుంది, మాంసకృత్తులు తగ్గించకూడదు. ఉప్పు వేయని ఉడికించిన కోడిమాంసం, గుడ్డు పెట్టండి. అప్పడం, చిప్స్, పచ్చడి కలిపిన ముద్ద మానేయండి.

కుంటుతోందని మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం వేయకండి. ఫ్యూరోసెమైడ్ వాడే కుక్కలో అవి మూత్రపిండాలను తొందరగా దెబ్బతీస్తాయి.